ఎనిమిది కోణాలూ ఒక అట్టముక్క

సమాంతర రేఖల్ని ఒక తిర్యగ్రేఖ ఖండిస్తే ఏర్పడే కోణాల గురించి పరీక్షలో పేజీన్నర రాసినవాణ్ణి, అవే గీతలు నా కాళ్లకింద పరిచి ఉంటే గుర్తుపట్టలేకపోయాను. ఇంతకన్నా మర్యాదగా ఒప్పుకోవడం నాకు చేతకాదు.

తొంభైల చివర్లో మాదాపూర్‌లో ఒక ఆఫీసు భవనం కడుతుంటే, కాకినాడ నుంచి డిప్లొమా పట్టుకొచ్చి సైట్ ఇంజనీరుగా చేరాను. ఇంకా ప్రొబేషన్. కింది హాల్లో తాండూరు బండలు, వాటి మధ్య వరసగా నల్లరాతి పట్టీలు. వాటన్నిటినీ ఏటవాలుగా దాటుకుంటూ గుమ్మం నుంచి లిఫ్టు దాకా ఎర్రరాతి బాట. బాటకి ఆనే ప్రతి బండనీ వాలుగా కోయించాలి. ఆ కొలతలు నావి. సోమవారం పెద్దసారు చూడ్డానికొస్తారు. హాలు కుదిరితే ఉద్యోగం కుదిరినట్టే.

కంపాస్ పెట్టెలోని కోణమానిని పట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ, ప్రతి కూడలిలో నాలుగు కోణాలూ కొలిచాను. అరవై రెండు, అరవై నాలుగు, అరవై ఒకటి... వచ్చింది వచ్చినట్టు రాసి కోతకు పంపాను. శనివారం పొద్దున బండలు పరిచి చూస్తే సందుల్లో వేలు దూరుతోంది.

పాలమూరు మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏంది సారూ, గిట్ల జేసినవ్? నల్లపట్టీలన్నీ ఒక్కతీరుగ పోతున్నయా?"

"అవునండి."

"అడ్డం పోయే బాట ఒక్కటేనా?"

"ఒక్కటేనండి."

"మరి కోణం తాపకొక తీరు ఎట్లుంటది? బాటకేమన్న తాగిచ్చినవా?"

ఆయన ఒక డబ్బా అట్టని వాలుగా కోశాడు. అదే ముక్కని ఇటు పెట్టి, అటు తిప్పి, ప్రతి పట్టీ దగ్గరా గీతలు గీశాడు. "సన్నదొకటి, పక్కన మిగిలిన వెడల్పుదొకటి. ఉన్నయే రెండు. ఇగ ఫికర్ జెయ్యకు." నేను బట్టీపట్టిన ఏకాంతర కోణాలూ, సదృశ కోణాలూ అన్నీ ఆ అట్టముక్కలోనే ఉన్నాయి. ఆదివారం సాయంత్రానికి హాలు కుదిరింది. సోమవారం నేనూ కుదిరాను.

కానీ మేస్త్రి ఈ కథ ప్రతి అంతస్తులోనూ చెప్పాడు. నెల్లాళ్లు నేనెటు వెళ్లినా, "సారూ, గీ గోడ ఎన్ని డిగ్రీలుంటది?" అనే పలకరింపే.

తర్వాత మూడో అంతస్తు వరండాలో అదే నమూనా. చివరి పట్టీ దగ్గర మేస్త్రి అట్ట కుదరలేదు. "అట్ట నానింది," అంటూ కొత్తది కోశాడు. అదీ కుదరలేదు.

"అట్ట మంచిదేనండి," అన్నాను. "కోణం మారిందంటే పట్టీయే పక్కకి పోయింది."

ఆ పట్టీ వేసింది ఆయనే. టేపు ఒక కొస నేను పట్టుకుని, రెండో కొస ఆయనకిచ్చి, పక్క పట్టీకి దూరం చదవమన్నాను. ఒక చివర మూడడుగులు. రెండో చివరకొచ్చేసరికి ఆయన గొంతు సన్నబడింది.

"మూడడుగుల... రెండంగుళాలు."

"వినపళ్లేదండి మేస్త్రిగారూ. జర గట్టిగా చదవండి."

పనివాళ్లంతా తలలెత్తారు. ఆయన గట్టిగానే చదివాడు.