విప్పని అర్జీలు

"పన్నులమ్మా. ఆఖరికి టీ మీద కూడా వేశాడు. రాసేయ్" అన్నాను మా అమ్మాయితో. అమెరికాలో స్థిరపడినవాళ్ళు తమ బ్రిటిష్ రాజునే ఎందుకు వద్దనుకున్నారన్నది దాని ఎనిమిదో తరగతి ప్రశ్న. నాకు తెలియనిది లేదని ఆ రోజుల్లో నా నమ్మకం.

రెండువేల అయిదు ప్రాంతం, రియాద్ మలాజ్‌లో మా అద్దె ఇల్లు, శుక్రవారం సెలవు. మా కంపెనీలో పైపులు బిగించే నిజామాబాదు ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు. ఊళ్ళో భార్యకి గుండె ఆపరేషన్. అప్పటికల్లా అతను చేరాలి. కఫీల్, అంటే మమ్మల్ని తెచ్చుకున్న యజమాని, సంతకం పెట్టందే దేశం దాటలేం. అందుకని నాతో అర్జీ రాయించుకోవడానికి వచ్చాడు.

అర్జీలు రాయడంలో నాది అందెవేసిన చెయ్యి. చిన్నప్పుడు లీవ్ లెటర్ నేర్పిన మేష్టారి ధర్మమా అని, ఇంగ్లీషులో దండాలతో మొదలెట్టి విధేయుడితో ముగించేవాణ్ణి. కాగితం విప్పి ఇస్తే అమర్యాదని కవర్లో పెట్టి, గమ్ము పూసి, కఫీల్ బల్ల మీద ట్రేలో నేనే పెట్టేవాణ్ణి. ఇతనికిది అయిదోది.

"పోయినసారిది సదివిండా సారూ?"

"చదివే ఉంటారయ్యా. కాస్త ఓపిక పట్టు."

అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తింది. "నాన్నా, వీళ్ళు ముందు రాజుకి అర్జీలు పెట్టుకున్నారట. మేం నీవాళ్ళమే, మా మాట విను అని. చివరిదైతే ఆయన తీసుకోనే లేదట."

"తీసుకోలేదా?" అన్నాడు అతను. "మరేం జేసిన్రమ్మా?"

"ఆ రోజులు వేరులే" అని నవ్వేసి కవరుకి గమ్ము పూశాను.

శనివారం కఫీల్ గదిలో ఎవరూ లేరు. ట్రే నిండిపోయి ఉంటే, పాతవి సర్దుదామని కింద సొరుగు లాగాను. లోపల నా కవర్లు. ఇతనివి నాలుగు, మిగతా కూలీలవి ఇంకెన్నో, అన్నీ నా చేతిరాతే. ఒక్కదాని గమ్ము కూడా ఊడలేదు.  ఒక్కొక్కటీ తిప్పి చూశాను. కఫీల్ మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు. చదివే ఉంటారని ఇన్నాళ్ళూ వాళ్ళకి చెప్పింది కఫీల్ కాదు.

సాయంత్రం కూలీలుండే క్యాంపుకి వెళ్ళి అతనికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను.

"ఒక్కటి గూడ ఇప్పలేదా?"

"ఒక్కటి కూడా."

"ఇగ రాయకు సారూ."

మర్నాడు అతని గదివాళ్ళెవరూ పనికి పోలేదు. పన్నెండు మందీ వచ్చి ఆఫీసు గేటు ముందు కూర్చున్నారు. నన్నూ రమ్మని కబురంపారు. ఆ దేశంలో ఉండనిచ్చే నా ఇకామా కార్డు మీద ఉన్నదీ ఆ కఫీల్ పేరే. పిల్ల చదువు, ఇల్లు అన్నీ గుర్తొచ్చాయి. పిరికివాణ్ణి, కిటికీ అద్దం వెనకే ఉండిపోయాను. మధ్యాహ్నానికి కఫీల్ స్వయంగా కిందికి దిగి, ఏమిటి సంగతని అడిగాడు. ఆ సాయంత్రమే సంతకం అయింది. రెండో రోజు అతను విమానం ఎక్కాడు.

అమ్మాయికి ఆ ప్రశ్నకి పూర్తి మార్కులొచ్చాయి. నేను చెప్పిన పన్నుల జవాబే రాసింది. దాని పేపరు చూస్తుండగానే నిజామాబాదు నుంచి ఫోను.

"ఆపరేషన్ అయింది సారూ. నేను దిగేటాల్లకే అయిపోయింది. మంచిగనే ఉంది, దేవుని దయ."

హమ్మయ్య అన్నాను. నా కళ్ళు తడిశాయి కూడా.

"నీ కాయితాల మీద ఆశ లేకుంటే ఎప్పుడో గేటు ముంగట కూసుంటుంటిమి" అన్నాడు. "లోపటికి తీస్కపోయేటప్పుడు నాకోసం సూసిందంట సారూ."

అతని గొంతులో కోపం లేదు. ఆరోగ్యం జాగ్రత్త అని ఫోను పెట్టేశాను.