వినిపించని రెండో క్యాసెట్

మా చిన్నప్పుడు కువైట్‌లో శుక్రవారం వస్తే మా ఇంట్లో కాలు పెట్టే సందుండేది కాదు... ఫర్వానియాలో మావి రెండే గదులు. నాన్న టైలరు. కడప వైపు వాళ్ళంతా సెలవు రోజున మా ఇంటికే చేరేవాళ్ళు. సగం అమ్మ చేసే సంగటి కోసం, సగం మా టేప్ రికార్డర్ కోసం.

ఉత్తరం రాయడం వచ్చినవాళ్ళు తక్కువ. మాటలు క్యాసెట్‌లో నింపి, ఊరికి పోయే మనిషి చేతికిచ్చి పంపేవాళ్ళు. రికార్డు చేయడానికి రెండు బటన్లూ కలిపి నొక్కే ఉద్యోగం నాది. తొమ్మిదేళ్ళదాన్నైనా ఇంకెవర్నీ ముట్టనిచ్చేదాన్ని కాదు.

దానికో కట్టుబాటుండేది... క్యాసెట్‌లో చెడ్డ కబురు చెప్పకూడదు. ఊళ్ళో వీధి వీధంతా కూర్చుని వింటుంది కదా. జ్వరంతో మూలుగుతున్నా "బాగుండాను" అనే చెప్పాలి. చెడ్డ కబురైతే మనిషే వెళ్ళి చెప్పాలి.

ఆ ఏడాది ఎండలు ముదరకముందే ఓబులేసు చిన్నాయనను చంపేశారు. నాన్నకు వరసకు తమ్ముడు. అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో పని. యజమాని తమ్ముడు "హిందీ కుక్కా" అని తిట్టాడట. అక్కడ హిందీ అంటే ఇండియావాడని. చిన్నాయన "నేనూ మనిషినే" అన్నాడట. ఆ ఒక్క మాటకే ఇనుప రాడ్డుతో తల పగలగొట్టాడు.

పక్కనే ఉన్న జగిత్యాల లింగయ్య కళ్ళారా చూశాడు. వీసా ఇచ్చి అన్నం పెట్టే యజమాని, అదే కఫీల్, తమ్ముడి మీదే కోర్టులో సాక్ష్యం చెప్పాడు. ఆ రోజుతో అతని పని పోయింది.

చిన్నాయన అక్క లచ్చుమత్త జాబ్రియాలో ఒక ఇంట్లో వంట చేసేది. కేసు కొన్ని నెలలు నడిచి, తీర్పు సోమవారమన్నారు. ఊరికి పోయే మనిషి శనివారమే బయల్దేరుతున్నాడు. ఊళ్ళో అవ్వ, అంటే చిన్నాయన తల్లి, అన్నం సరిగా ముట్టడం లేదని కబురొచ్చింది. ఏదో ఒకటి చెప్పి పంపాలి...

నేను బటన్లు నొక్కాను. నాన్న గొంతు సవరించుకున్నాడు. "పెద్దమ్మా, మనోణ్ణి కొట్టినోనికి శిక్ష పడింది. జైల్లో ఏసినారు. నువ్వు అన్నం తిను."

టేపు ఆపాక లచ్చుమత్త మెల్లగా అంది, "ఇంగా పడలేదు కదన్నా."

"సోమవారం పడేదే కదమ్మా. ఇంత సాక్ష్యం ఉంటే యాడికి పోతాది?"

సోమవారం వాణ్ణి వదిలేశారు. రాడ్డు చేయి జారి తగిలిందట. లింగయ్య మాట నమ్మదగింది కాదట.

ఆ వారం మా గదుల్లో విన్న మాటలు నాకింకా గుర్తే. "మనం కూలికొచ్చినోళ్ళం, మనకింతే" అన్నారొకరు. "గమ్మునుండండప్పా, ఇఖామాలు ఊడతాయి" అన్నారింకొకరు. ఇఖామా ఊడితే ఆ దేశంలో ఉండనివ్వరు. అంతకుముందు వారం చిన్నాయన పేరెత్తి ఏడ్చినవాళ్ళే ఈ మాటలన్నది. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే... అదే భయం నాకుంటే నేనేం చేసేదాన్నో తెలియదు. యార్డులో మిఠాయి పంచారని విన్నాం. జాబ్రియాలో మామా, అంటే ఇంటి యజమానురాలు, "నీ తమ్ముడే అడ్డమొచ్చాడంట కదా" అని లచ్చుమత్తతో చాయ్ పెట్టించుకుందట. కింద కాపలా ఉండే పాలస్తీనా ముసలాయన మాత్రం పైకొచ్చి, నాన్న పక్కన గంటసేపు ఊరికే కూర్చుని వెళ్ళాడు.

లింగయ్య ఒక్కటే మాటన్నాడు. "నేను జూసింది జెప్పిన. గాళ్ళకు నేను మనిషి లెక్క అగుపడలే."

శుక్రవారం నాన్న కొత్త క్యాసెట్ పెట్టమన్నాడు. కట్టుబాటు తప్పి నిజం మొత్తం చెప్పాడు. "తప్పయిపాయ పెద్దమ్మా" అని ఆగిపోయాడు. తర్వాత అంతా ఏసీ రొద, లచ్చుమత్త ఏడుపు. పై వారం పోయే మనిషికి ఇవ్వాలని పక్కన పెట్టాం.

ఆ పై వారమే ఇరాక్ సైన్యం వచ్చింది. విమానాల్లేవు, కోర్టుల్లేవు. పైకోర్టుకు వెళ్ళాలనుకున్న కాగితాలు ఏమయ్యాయో అడిగేందుకు మనిషి కూడా లేడు. మామావాళ్ళు సౌదీ దాటిపోతే లచ్చుమత్త మా దగ్గరికొచ్చేసింది. అందరం బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో అమ్మాన్ చేరి, ఎడారిలో గుడారాల కింద పడిగాపులు పడి, బొంబాయిలో దిగాం. సామాన్లన్నీ పోయాయి. అమ్మ కొంగున కట్టిన క్యాసెట్ మిగిలింది.

ఊళ్ళో అవ్వ కోలుకుంది... అన్నం తింటోంది. వచ్చినవాళ్ళందరికీ మొదటి క్యాసెట్ వినిపించి వినిపించి టేపు అరిగిపోయింది. మమ్మల్ని చూసి నాన్న చెయ్యి పట్టుకుంది.

"యుద్ధమంట కదా నాయనా. జైల్లో ఉండేవానికి కూడెవరు పెడతాండారో... వానికీ ఒక తల్లుంటాది కదా."

నాన్న నోరు తెరిచాడు. లచ్చుమత్త తల అడ్డంగా ఊపింది.

"పెడతాండార్లే పెద్దమ్మా" అన్నాడు నాన్న.

అవ్వ బతికినన్నాళ్ళూ దీపం పెట్టినప్పుడల్లా తన కొడుకుతో పాటు వాడి కోసం కూడా దణ్ణం పెట్టుకుంది. నాన్న మళ్ళీ ఆ గడప తొక్కలేదు. లింగయ్య ఏమయ్యాడో తెలియదు.

ఇప్పుడు ఇలాంటి తీర్పు ఎక్కడ వచ్చినా నిమిషంలోనే ఫోన్‌లో తెలిసిపోతోంది. ఆ వార్త కింద వేలమంది కోపం రాసి, మూడోరోజుకు మర్చిపోతున్నారు. చనిపోతున్నవాళ్ళు మాత్రం ఆ కూలివాళ్ళే... మన జిల్లాల వాళ్ళే.

రెండో క్యాసెట్ నా దగ్గరే ఉంది. మొన్నొకరు పాత టేప్ రికార్డర్ తెచ్చిస్తామన్నారు, వద్దన్నాను. గల్ఫ్ నుంచి వచ్చిన క్యాసెట్లు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి... వాటిల్లో "బాగుండాను" అన్నవాళ్ళు నిజంగా బాగున్నారో లేదో, మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.