జూమార్ట్ చూపించిన తూటా

పామీర్ కొండల్లో విదేశీ వేటగాళ్లకు దారి చూపే జూమార్ట్‌కు మోకాళ్లు అరిగిపోయాయి. అయినా తుపాకి పేలగానే కత్తి దూసి లోయకు అడ్డంగా పరుగెడతాడు. దొర కొట్టిన కొండపొట్టేలును ఊపిరుండగానే అల్లా పేరు చెప్పి కోస్తేనే అది ఊరికి హలాల్. చచ్చిపోతే నక్కల పాలే. కొమ్ములు మాత్రం ఎలాగైనా దొరవే, ఈ కొండలెవరివని అడిగే నాథుడు లేడు. నిరుడు ఏ తూటా వాడాలని దొర అడిగితే, ప్రాణం నెమ్మదిగా పోతుందని జూమార్టే చిన్నది చూపించాడు. పొట్టేలు పేగులీడ్చుకుంటూ పాకింది. వెంటాడి కోశాడు. ఊరంతా తిన్నది, అతను ముద్ద ముట్టలేదు.

ఈ ఏడు జడలబర్రెలు చలికి చచ్చాయి. పొద్దున్నే కోడలు బురుల్ ఉప్పు టీ పోస్తూ, "మామా, చిన్నదే చూపించు. పిల్లలు మాంసం మొహం చూసి నెలయింది" అంది.

"అది విలవిల్లాడుతుందే."

"దాని మీదున్న జాలి మా మీద లేదేం? దాన్నే కోడలిగా తెచ్చుకోవాల్సింది!"

గట్టు మీద దొర రెండు తుపాకులు పరిచి, వాటి తూటాలు అరచేతిలో పెట్టి ఏదన్నట్టు చూపించాడు. దగ్గరికి పోదామని జూమార్ట్ సైగ చేస్తే తల అడ్డంగా ఊపాడు. అవతలి వాలులో పొట్టేలు మేస్తోంది. జూమార్ట్ పెద్ద తూటాను తాకాడు. పొట్టేలు నిలుచున్నచోటే కూలింది. అతను చేరేసరికి కళ్లు గాజుబారాయి.

"దొర పెద్దదే కావాలన్నాడా?" ఇంటి దగ్గర బురుల్ అడిగింది.

అవునంటే సరిపోయేది.

"నేనే చూపించా."

బురుల్ మాంసం కోసం మరగబెట్టిన నీళ్లలో పిండి కలిపింది.