పెద్దమ్మ నమ్మని పేజీ

గ్రంథాలయంలో ఉద్యోగం పుణ్యమా అని అరవంలో, ఇంగ్లీషులో అలమారాలకు అలమారాలు చదివాను. తెలుగు మాత్రం అరవనాట మా ముత్తియాల్‌పేట ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు, తిట్టుకునేటప్పుడు వాడుకునే భాష. దానికి అక్షరాలున్నాయని తెలుసు గాని వాటితో పరిచయం లేదు. తల నెరిశాక, పిల్లల విభాగంలోని వాచకం ఇంటికి తెచ్చుకుని దొంగచాటుగా దిద్దుకున్నాను. తలకట్టుకూ గుడికీ తేడా తెలిసేసరికి ఒక వేసవి గడిచింది.

మా దగ్గర నెలనెలా అరవ పుస్తకాల మీద చర్చ నడిపేది నేనే. అక్షరాలు పట్టుబడగానే ఆగలేక, శనివారం మధ్యాహ్నాలు తెలుగు పుస్తకం కూడా పెట్టాను. వచ్చేవాళ్లంతా మా చుట్టుపక్కల తెలుగిళ్లవాళ్లు. ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. నేను చదవాలి, వాళ్లు విని పోట్లాడుకోవాలి. పుస్తకాల తెలుగు వాళ్లకు సగం అందేది కాదు. అందుకని "ఎక్కడ" అని ఉన్నచోట "యాడ" అని, "ఏమిటి" అని ఉన్నచోట "ఏంది" అని మార్చి చదివేదాన్ని. ఆ సంగతి అందరికీ తెలుసు.

వాళ్లలో మా పక్కింటి పెద్దమ్మ ఉంది. కథలో మనిషి తప్పు చేస్తే సొంత మరిదిని కడిగినట్టు కడిగేస్తుంది. అంతటి మనిషి తన ఇంట్లో అడుగుపెడితే అరవమే మాట్లాడుతుంది. కోడలు విజయవాడ పిల్ల. కొత్తలో అత్తగారి మాట విని నవ్వి, "అత్తయ్యా, ఇది తెలుగేనా?" అంది. చెడు ఉద్దేశం లేదు, కానీ మాట తగలరాని చోట తగిలింది. "నా వంకర తెలుగు మనమరాలికి అంటుకుంటే ఎట్టా?" అంది పెద్దమ్మ నాతో. ఆ పిల్ల కూడా ఆమెను అవ్వా అనదు, అరవంలో "పాట్టి" అనే పిలుస్తుంది.

ఒక శనివారం కొత్తగా వచ్చిన కథల పుస్తకం తీశాను. నెల్లూరు దాపు పల్లెల కథలు. రెండో పేజీలో ఒక తల్లి ఎండన పడి తిరిగే కొడుకును కేకేస్తుంది. అక్కడ ఆగిపోయాను. మార్చాల్సిన పని లేదు. ఎప్పుడో పోయిన మా అవ్వ నోటిమాట అచ్చులో ఉంది. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చూసుకున్నాను. అన్ని పుస్తకాలు చదివాను గాని, ఏ పుస్తకమూ మా ఇంటి గొంతుతో మాట్లాడటం అంతకుముందు ఎరగను.

"ఇది నేను మార్చింది కాదు, ఇట్టనే ఉండాది" అన్నాను.

పెద్దమ్మ నమ్మలేదు. "సుమ్మా, ఊరికే చెప్పొద్దు పాపా. నాకోసరం మార్చి సదువుతుండావు. మన మాట బుక్కులో యాడ ఏస్తారు?" అంది. అందరూ తలలూపారు. ఇన్నాళ్లూ మార్చి చదివిన నోటిని ఎవరు మాత్రం నమ్ముతారు?

పెద్దమ్మ వద్దంటున్నా వినకుండా, మరుసటి శనివారం కోడల్ని రమ్మన్నాను. బిడ్డ చెయ్యి పట్టుకుని వచ్చింది. సంగతేమీ చెప్పకుండా పేజీ తెరిచి చేతికిచ్చి, "ఉన్నది ఉన్నట్టు చదువమ్మా" అన్నాను.

కోడలు గడగడా మొదలుపెట్టింది. నా నత్తనడక చదువుకు అలవాటుపడ్డవాళ్లు నోళ్లు తెరిచారు. తల్లి కేకేసే చోటికి వచ్చేసరికి ఆమె గొంతు నెమ్మదించింది. "యాడికి బోతుండావురా ఈ ఎండలో" అని చదివి, మళ్లీ ఒకసారి చూసుకుని, అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా, ఇలాగే ఉంది. ఇది మీ మాటే."

పెద్దమ్మ పుస్తకం తీసుకుని, తనకు రాని అక్షరాల మీద అరచెయ్యి ఆనించింది. "నిజంగానే ఏసినారా?" అని అడిగింది. నన్ను కాదు, కోడల్ని.

"నిజంగానే. నాకు చదవడం వచ్చింది గాని, ఆ కేక వెయ్యడం రాలేదు. మీరు అనండి, వింటాం."

పెద్దమ్మ చుట్టూ చూసింది. ఈలోగా బిడ్డ మా మధ్య నుంచి జారుకుని అలమారాల చాటుకు పోయింది. "నిశ్శబ్దం" అని బోర్డు పెట్టిన ఆ హాల్లో పెద్దమ్మ గొంతెత్తింది.

"యాడికి బోతుండావే అమ్మీ, ఇట్రా."

నేను ఆపలేదు. బిడ్డ అలమార పక్క నుంచి తల బయటపెట్టి, అవ్వను వింతగా చూసి, తల్లిని అడిగింది:

"అమ్మా, పాట్టికి తెలుగు వచ్చా?"