కొత్తది ముందు క్లోవర్‌కే

వెర్నా కిట్టెల్‌సన్ పొద్దున్నే కాఫీ కన్నా ముందు గుర్రాల గిట్టలు తాకుతుంది. ఆమె సాలలో పద్నాలుగు గుర్రాలు. ఒక్కటి తప్ప అన్నీ ఊళ్లోవాళ్లవి. నెలకింత ఇచ్చి ఆమె దగ్గర ఉంచుతారు. ఒక్కో గదిలోకి వెళ్లి, వంగి, ముందు గిట్టలకు మునివేళ్లు కాదు, చేతి వెనకవైపు ఆనిస్తుంది, పిల్లలకు జ్వరం చూసినట్టు. చల్లగా ఉంటే పక్క గదికి.

పద్నాలుగోది ఆమె సొంతం. క్లోవర్ అనే ఇరవై రెండేళ్ల గోధుమరంగు ఆడగుర్రం. కొత్త గడ్డి వచ్చినా, కొత్త దాణా వచ్చినా, మొదటి రోజు క్లోవర్‌కే. "మిగతావి నన్ను నమ్మి అప్పగించినవి. పోతే నాదే పోవాలి," అనేది వెర్నా. అనడం తేలికే.

ఆ నవంబరులో మంచు తొందరపడింది. గదుల్లో పరిచే పైన్ పొట్టు లారీ కొండ ఎక్కలేకపోయింది. మూడు రోజులకు నేలంతా తడి. అప్పుడు ఆరిన్ ఫ్యాల్‌స్టాడ్ తన ట్రక్కు నిండా చిత్రిక పొట్టు తెచ్చాడు. అతను బీరువాలు చేసే వడ్రంగి. అతని గుర్రం కూడా ఇక్కడే.

వెర్నా గుప్పెడు తీసి వాసన చూసింది. తెల్లటి పొట్టు మధ్య అక్కడక్కడ ముదురు చుట్టలు.

"ఈ నల్లవేంటి, ఆరిన్?"

"ఓక్ అయ్యుంటుంది."

"అయ్యుంటుందా, అయిందా?"

"చర్చి విందులో నా పెళ్లాం కూర కూడా ఇలాగే వాసన చూశాక తింటావు నువ్వు. అందుకే నీకు మొగుడు దొరకలేదు."

"దొరికినవాళ్లను చూశాక వెతకడం మానేశాను," అంది వెర్నా.

మా కొండ మీద పొరుగువాడు తెచ్చిచ్చినదాన్ని వద్దనరు. అంటే ఆ మాట ముప్పై ఏళ్లు తిరుగుతుంది. ఆమె తీసుకుంది. క్లోవర్ గదిలో మందంగా పరిచి, మిగతాదాని మీద పట్టా కప్పింది.

నాలుగున్నరకే చీకటి పడింది. క్లోవర్ గడ్డి సగం వదిలేసింది. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది, మళ్లీ ఇటు. వెర్నా గిట్ట తాకింది. చల్లగానే ఉంది. ఆ చలిలో ఇనుము కూడా అంతే చల్లగా ఉంది. తన చేతిని తానే నమ్మలేదు, అయినా దీపం ఆర్పి ఇంటికి వెళ్లింది.

మర్నాడు పదమూడు గుర్రాలు గడ్డి కోసం సకిలించాయి. క్లోవర్ నోరు మెదపలేదు. ముందు కాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడి ఉంది. కాళ్లు ఉబ్బాయి. గిట్ట, పొయ్యి మీంచి దించిన గిన్నె.

పశువుల డాక్టరమ్మ ఇంగ్రిడ్ గిట్టల కన్నా ముందు నేల చూసింది. ముదురు చుట్ట ఒకటి వేళ్ల మధ్య తిప్పింది.

"నల్ల వాల్‌నట్ చెక్క. గుర్రాలకు విషం. తినక్కర్లేదు, దీని మీద నిలబడితే చాలు. ఎన్ని గదుల్లో పరిచావు?"

"ఒక్కదాంట్లో."

ఇంగ్రిడ్ వరసగా ఉన్న పదమూడు తలల వంక చూసి సంచీ తెరిచింది.

మధ్యాహ్నం ఆరిన్ వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"పోయిన వారం ఒక పెద్ద బల్లకి వాల్‌నట్ చిత్రిక పట్టాను. నేల ఊడ్చి అన్నీ ఒకే కుప్పలో... తిట్టు, వెర్నా."

"తిట్టే తీరిక లేదు. బయట మంచుంది, బకెట్లు నింపు."

మూడు రోజులు ఇద్దరూ ఆ గిట్టల్ని మంచులోనే ఉంచారు. క్లోవర్ బతికింది. కానీ గిట్టలో ఎముక జారిపోయింది. జీను మళ్లీ వేయలేదు. "ఇక కొత్తది నా గుర్రానికే ముందు," అన్నాడు ఆరిన్. వెర్నా ఏడాదిపాటు ఒప్పుకోలేదు. అతను అడగడం మానలేదు.

ఇప్పుడు లారీ వస్తే మొదటి బస్తా ఆరిన్ గుర్రం గదిలో, ఆరిన్ తన చేత్తోనే విప్పుతాడు. వెర్నాకు అరవై ఎనిమిది. రోజూ పద్నాలుగు గుర్రాల గిట్టలు తాకుతుంది, క్లోవర్‌వి రెండుసార్లు.