ఖాళీ బండిలో పడే టాప్ గేర్

1949 ఎండాకాలం. సూర్యాపేటలో బస్సులు ఆగే చోటుకు వెనక రేకుల షెడ్డులో నేను మోటారు మెకానిక్‌ని. అంతకుముందు చాలా ఏళ్లు దొరల కార్లు బాగుచేశాను. ఆ పనిలో తిట్లు పడ్డాను కానీ, సైదులు తెప్పించినంత విసుగు ఎవరూ తెప్పించలేదు.

సైదులు మిర్యాలగూడకు కిరాయి కారు నడిపేవాడు. అది యుద్ధానికి ముందు వచ్చిన గుడ్డ టాపు కారు. దాని గేర్‌బాక్సు, అంటే ఇంజను బలాన్ని చక్రాలకు అందించే పళ్లచక్రాల పెట్టె, అరిగి ఖతమైపోయింది. అలాంటిది మళ్లీ దొరికే రోజులు కావు. ఉన్న ఎడ్లజత అమ్మి, బెజవాడలో మిలిటరీవాళ్లు వదిలించుకున్న సామాన్లలో ఒక గేర్‌బాక్సు కొని, కోదాడ మీదుగా బస్సు టాపు మీద వేసుకొచ్చాడు. తన కారుకు సరిపోతుందా అని కొనేముందు ఎవరినీ అడగలేదు. కొని తెచ్చి నా ముందు దింపాక అడిగాడు. సరిపోదన్నాను.

"ఎడ్లు పోయినయ్ మేస్త్రీ. గిది నడవకుంటే ఇగ కూలికి పోవుడే," అన్నాడు.

తిట్టుకుంటూనే పనిలోకి దిగాను. పెట్టెను ఎలాగో బిగించాను. అసలు తలనొప్పి గేర్ రాడ్డుతో వచ్చింది. డ్రైవరు ఎడమచేత్తో పట్టుకుని గేర్లు మార్చే కడ్డీ అది. కొత్త పెట్టెకు అది బాగా ముందున ఉంది. అందుకోవాలంటే సైదులు స్టీరింగు మీద బోర్లా పడాలి. దాన్ని ఊడదీసి, కొలిమిలో ఎర్రగా కాల్చి, వెనక్కూ డ్రైవరు వైపూ వంచాను. సైదులును సీట్లో కూర్చోబెట్టి, చెయ్యి చాపించి, అరచేతిలోకి వచ్చేలా కుదిర్చాను. అన్ని గేర్లూ పడ్డాయి. బండి జోరుగా పోవడానికి వేసే టాప్ గేర్ పడేటప్పుడు రాడ్డు అతని తొడ పక్కకు వచ్చి ఆగింది. ఇంతకన్నా బాగా పట్నంలో కూడా చెయ్యలేరనుకున్నాను.

మర్నాడు సాయంత్రానికి కారు మళ్లీ నా షెడ్డు ముందుంది. టాప్ గేర్ పడటం లేదట. మిర్యాలగూడ దాకా సెకండు గేర్‌లోనే పోయాడట. రేడియేటరు పొయ్యి మీది ఎసరులా ఉడుకుతోంది. నేను కూర్చుని వేస్తే పడింది. అతను కూర్చుని వేసినా పడింది. బజారులో ఒక చుట్టు తిప్పాం, ఎన్నిసార్లు వేసినా పడింది. నీకు క్లచ్చి తొక్కడం రాదని మందలించి పంపాను.

మళ్లీ వచ్చాడు. పెట్టె దింపి, విప్పి, పళ్లన్నీ తడిమి చూశాను. ఏ లోపమూ లేదు. బిగించి ఇచ్చాను. మళ్లీ వచ్చాడు. ఆ పెట్టెను మూసీలో పారేసి రమ్మనాలన్నంత కోపమొచ్చింది. షెడ్డులో బుద్ధిగా ఉండి, రోడ్డెక్కగానే మొండికేసే గేర్‌ను నేను ఎన్నడూ చూడలేదు. సైదులు మాత్రం తల వంచుకుని నిలబడ్డాడు. ఇలాగే సెకండులో లాగితే ఇంజను కాలిపోతుందని అతనికీ తెలుసు.

ఇక లాభం లేదని, పానాలు సంచిలో వేసుకుని నేనే వెనక సీట్లో ఎక్కాను. జనం వెనక ఇరుక్కున్నారు, ముందు ఎడమవైపు ఇరుక్కున్నారు. ఇక బయల్దేరతాడనుకుంటుండగా, మిరపకాయల మూటతో ఒక పెద్దమనిషి పరుగున వచ్చి డ్రైవరు వైపు తలుపు తీశాడు. సైదులు అలవాటుగా ఎడమకు జరిగాడు. ఆయన సైదులుకు కుడిపక్కన, డ్రైవరు కూర్చోవలసిన చోట, దర్జాగా కూర్చున్నాడు. సైదులు ఇద్దరి నడుమ నుంచి చేతులు చాపి స్టీరింగు పట్టుకున్నాడు.

వెనక నుంచి ముందుకు వంగి చూశాను. నేను కొలతలు తీసిన తొడ ఇప్పుడు జానెడు ఎడమకు జరిగింది. టాప్ గేర్ పడవలసిన చోట ఆ తొడ ఉంది. రాడ్డు దానికి తగిలి ఆగిపోతోంది. దొరల కార్లలో డ్రైవరు సీటు డ్రైవరుదే. ఇలా కూర్చుంటారని నాకు తోచనే లేదు.

"గిట్ల కూసుంటవని ఒక్కనాడన్న చెప్పినవా?" అన్నాను.

"నువ్వు అడగలే గద మేస్త్రీ."

దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాను. మిర్యాలగూడ చేరాక, రేపటి నుంచి కుడిపక్కన ఎవరినీ ఎక్కించుకోవద్దని గట్టిగా చెప్పాను. సైదులు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"లోపటోళ్ల కిరాయంత పెట్రోలుకే పోతది. గా పక్కన కూసున్నోడే మా ఇంటి బువ్వ," అన్నాడు.

దిగబోతున్న జనాన్ని దిగనివ్వలేదు. అందరినీ ఉన్నచోటే కూర్చోబెట్టి, తిట్లు తింటూ, సైదులు తొడ ఎక్కడుందో, చెయ్యి ఎక్కడికి వస్తుందో సుద్దముక్కతో గుర్తులు పెట్టాను. అక్కడి కమ్మరి కొలిమిలో రాడ్డును మళ్లీ కాల్చి, ఈసారి ఎడమకు తిప్పి, పొట్టిగా కోశాను. తిరుగు ప్రయాణంలో బండి నిండా జనమే. ఊరు దాటగానే టాప్ పడింది. సైదులు వెనక్కి తిరిగి నవ్వాడు. ముందు రోడ్డు చూడమన్నాను.

ఆ తర్వాత ఏ కారుకు రాడ్డు వంచాల్సి వచ్చినా, అందులో ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చుంటారో అడిగాకే కొలిమి ఊదించాను. ఖాళీ బండి కొలతలు ఖాళీ బండికే పనికొస్తాయి.

కొన్నాళ్లకు సైదులు మళ్లీ నా గుమ్మంలో నిలబడ్డాడు. ఏమైందన్నాను.

"కారు ఖాళీగ ఉన్నప్పుడు నా జాగల నేను కూసుంటే, రాడ్డు చేతికి అందుతలేదు మేస్త్రీ."

"అయితే ఎన్నడూ ఖాళీగ తిప్పకు," అన్నాను.