మోకులు పట్టుకుని సముద్రానికి

మా మేనమామ రంగప్ప నాయుడు కోవిల్‌పట్టిలో ఇల్లు మొదలుపెట్టి గోడలు లేపాడు, దూలం దొరక్క ఆగిపోయాడు. మా నల్లరేగడిలో పత్తీ మిరపా తప్ప అంత పొడుగు మాను ఎక్కడిది? వానలు దగ్గర పడ్డాయి, అత్తా పిల్లలూ తాటాకు పందిట్లో ఉన్నారు. అంతలో ఎవరో తూత్తుక్కుడి రేవులో పడవ మునిగింది, కలప చవక అన్నారు. మామ ఆ పడవను చూడకుండానే కొనేశాడు. బేరమాడటంలో తనంతవాడు లేడని ఆయన నమ్మకం.

విరుదునగర్‌లో పొద్దున ఏడు గంటల రైలు ఎక్కాను. కోవిల్‌పట్టిలో మామ ఎక్కాడు, వెంట రెండు చుట్టల మోకులు, ఒక కాడి. ఎదుటి బల్ల మీద మిరప బస్తాతో కూర్చున్న ముసలామె మా ఇళ్ళ తెలుగులోనే అడిగింది.

"కాడి ఉండాది, ఎద్దులు యాడ నాయినా?"

"ఎద్దులు ఆడ బాడిక్కి దొరుకును. సముద్రంలో పడవ ఇగ్గాల," అన్నాడు మామ.

ఆమె నా వంక జాలిగా చూసింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట: మూడో తరగతిలో కాడి పెట్టుకుంటే కాళ్ళకు చోటుండదు.

రేవులో మునిగిన పడవల్ని తీసి విప్పే మేస్త్రీ మా మోకుల్ని చూసి నవ్వు ఆపుకున్నాడు. నీళ్ళు తగ్గిన వేళ, మునిగిన పడవకు అటొకటి ఇటొకటి పెద్ద పడవలు నిలిపి, దాని కిందుగా తాళ్ళు వేసి బిగించారు. ఆపైన చుట్టలు వెలిగించి కూర్చున్నారు.

"ఇగ్గేది ఎవురు?" అని మామ నా చెవిలో అడిగాడు. నేను మేస్త్రీని అరవంలో అడిగాను.

"ఎవరూ లాగరు. పోటుకు నీళ్ళు పెరిగితే పడవలు లేస్తాయి, వాటితో ఇదీ లేస్తుంది," అన్నాడతను.

మామ కాడి మీద కూర్చుని సముద్రాన్ని అనుమానంగా చూశాడు. సాయంత్రానికి పడవ నిజంగానే లేచింది. మర్నాడు ఒడ్డుకు చేర్చి సుత్తులతో, ఉలులతో విప్పారు.

అడుగు మానూ, పలకలూ అన్నీ పురుగు తిన్నవే. వేలితో నొక్కితే పిండి రాలింది. మామ మొహం చూడలేకపోయాను. గట్టిగా ఉన్నది నీటిపైన నిలిచిన తెరచాప కొయ్య ఒక్కటే.

"పడవ ఎవరు కొన్నా కొయ్య తండేలుదే. అది మా ఆచారం," అంటూ మేస్త్రీ ఆ పడవ నడిపిన ముసలాయన్ని చూపించాడు.

మామ ఆయన ముందు నిలబడి, "ఇల్లు కప్పాలయ్యా, వానొస్తుంది," అని అరవంలో అన్నాడు.

"ఇంట్లో ఎంతమంది?" అన్నాడు తండేలు.

"చంటిదాంతో ఏడుగురం."

తండేలు కొయ్యను అరచేత్తో నిమిరాడు. "పడవ మునిగిననాడు మేం ఆరుగురం సాయంత్రం దాకా దీన్నే కరుచుకుని ఉన్నాం. అందరం ఇళ్ళకు చేరాం. తీసుకుపో."

మామ కళ్ళు తుడుచుకున్నాడు.

సరుకు పెట్టెలు తగిలించిన మధ్యాహ్నపు బండికి కొయ్యను ఎక్కించాం. కోవిల్‌పట్టి స్టేషన్‌కు అత్త ఎద్దుబండితో వచ్చింది. కొయ్యను తట్టి చూసి, "మంచిదే. ఎంతకు బేరమాడినారు?" అంది.

మామతో నేను చాలా ఊళ్ళు తిరిగాను. తిరిగొచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్నకు గంటసేపు జవాబు చెప్పేవాడు.

"కొన్నది కాదు," అన్నాడు మామ. "ఇచ్చినారు."